ఎర్ర పెన్సిలు గీత

ఉకైర్ రేవు. 1922 నవంబరు నెలాఖరు. ఒక పక్క పర్షియన్ గల్ఫ్, ఒక పక్క అల్-హసా ఇసుక తిన్నెలు, నడుమ తుర్కుల కాలంనాటి కోట, సుంకం గిడ్డంగి. మామూలు రోజుల్లో ఇక్కడ పడవల్లోంచి దిగేవి బియ్యం బస్తాలు, బట్టల మూటలు. ఈ వారం మాత్రం రాజ్యాలే దిగాయి.

మీరు గుడారాల మధ్యలోంచి నడుస్తున్నారు. రేవు వైపు ఉన్నవి బ్రిటిష్ వాళ్ల బస కోసం వేసిన తెల్ల గుడారాలు. కాస్త ఎడంగా ఉన్నవి నజ్ద్ సుల్తాన్ ఇబ్న్ సౌద్‌వి. ఇంకా దూరంగా, తిన్నెల వాలులో, ఆయన వెంట వచ్చిన మనుషులు నిప్పులు రాజేసుకుని కూర్చున్నారు. రాగి దల్లాలో కాఫీ కాగుతోంది. గాలి ఇటు తిరిగినప్పుడల్లా యాలకుల వాసన. ఒంటెలు మోకాళ్లు మడిచి పడుకుని నెమరేస్తున్నాయి. ఒక ఒంటె మెడ మీద కాల్చి పెట్టిన గుర్తు కనిపిస్తోంది చూడండి. దాన్ని వస్మ్ అంటారు. ప్రతి తెగకూ తనదైన వాత ఉంటుంది. నోరులేని జంతువు తప్పిపోయి ఎంత దూరం వెళ్లినా, ఆ గుర్తు చూసినవాడు అది ఎవరిదో చెప్పేస్తాడు.

ఆ నిప్పుల చుట్టూ కూర్చున్నవాళ్లు బదూలు. బయటి ప్రపంచం బెడూయిన్లు అంటుంది. బాదియాలో, అంటే వాననే నమ్ముకున్న బయలులో బతికేవాళ్లు అని ఆ మాటకు అర్థం. చలికాలం మొదట్లో పడే తొలి వానకూ వాళ్ల భాషలో వస్మ్ మాటతోనే పేరు, వస్మీ అని. ఒంటె మీద వాత పడినట్టు నేల మీద వాన తన గుర్తు పెడుతుందన్నమాట. అది ఎక్కడ పడిందని కబురొస్తే అక్కడికి మంద కదులుతుంది. ఎండాకాలం వచ్చేసరికి తెగంతా తిరిగి తన బావుల దగ్గరికి చేరుతుంది. ఈ చుట్టు తిరిగే మేరను దీరా అంటారు. దీరాకు కంచె ఉండదు. బావి ఉంటుంది, మేత ఉంటుంది, ఆ బావి ఎవరిదో తెలిసిన మనుషులుంటారు.

మన ఊళ్లలో కొత్త మనిషి కనిపిస్తే పెద్దవాళ్లు ఏమడుగుతారో గుర్తు చేసుకోండి. "ఎవరి తాలూకు బాబూ?" అంటారు. బాదియాలో అడిగేదీ అదే. నువ్వు ఎవరి కొడుకువి, ఏ తెగవాడివి, నీ మీద చెయ్యి పడితే నీ కోసం వచ్చేదెవరు? ఆ తెలిసిన జవాబుతోనే మనిషికి నీళ్లు, మేత, అన్నం, రక్షణ దొరుకుతాయి.

పెద్ద గుడారంలో ఇవాళ తేలాల్సింది ఇంకో ప్రశ్న.

*

లోపలికి రండి. బల్ల మీద పటం పరిచి ఉంది. ఒక పక్క సర్ పెర్సీ కాక్స్. ఇరాక్‌లో బ్రిటిష్ హైకమిషనర్. ఎదురుగా ఇబ్న్ సౌద్, ఆరడుగులు దాటిన మనిషి. ఇరాక్ రాజు ఫైసల్ తరఫున సబీహ్ బేగ్ అనే మంత్రి వచ్చాడు. కువైట్ షేక్ అహ్మద్ రాలేదు. ఆయన తరఫున మాట్లాడాల్సింది కువైట్‌లోని బ్రిటిష్ పొలిటికల్ ఏజెంట్ మేజర్ మోర్. పక్కన హెరాల్డ్ డిక్సన్ ఉన్నాడు. బేరూత్‌లో పుట్టి, పసితనంలో అనజా తెగ స్త్రీ పాలు తాగిన ఇంగ్లీషువాడు. అందుకే ఆ తెగవాళ్లు అతన్ని పాలచుట్టంగా చూస్తారు. ఈ గుడారంలో జరిగిందని మనకు తెలిసినదాంట్లో చాలా భాగం 1956లో అచ్చయిన అతని పుస్తకంలోనే ఉంది.

ఈ బల్ల చుట్టూ చేరడానికి కారణం రక్తం. రెండేళ్ల కిందట, 1920 అక్టోబరులో, ఇబ్న్ సౌద్ మనుషులైన ఇఖ్వాన్ దళాలు కువైట్ మీదికి వచ్చి, జహ్రా ఊళ్లోని ఎర్రకోటలో అప్పటి షేక్ సాలింను ముట్టడించాయి. ఈ ఏడాది మార్చిలో ఇరాక్ దక్షిణాన అబూ ఘార్ దగ్గర గొర్రెల కాపరుల మీద పడ్డాయి. ఇరాక్‌కు హద్దు కావాలి. బ్రిటిష్‌వాళ్లకు తాము నిలబెట్టిన రాజ్యం కూలకుండా ఉండాలి.

ఇబ్న్ సౌద్ మాట వినండి. నేల మీద గీత వద్దంటున్నాడు. హద్దు తెగలను బట్టి ఉండాలంటున్నాడు. ఏ తెగ ఎవరికి జకాత్ పన్ను కడుతుందో, ఎవరికి విధేయంగా ఉంటుందో, ఆ తెగ తిరిగే మేతనేల, తాగే బావులు ఆ పాలకుడివి. తెగ కదిలితే రాజ్యం కూడా దానితోపాటు కదులుతుంది. ఆ లెక్కన ఆయనకు చాలా నేల కలిసొస్తుంది, ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. స్వార్థం లేని మాట కాదది. అయినా బాదియాను ఎరిగినవాడి మాట.

కాక్స్‌కు అది పనికిరాదు. పటం మీద కనిపించని హద్దు ఆయన దృష్టిలో హద్దే కాదు. సబీహ్ బేగ్ తన రాజు తరఫున హద్దును ఇంకా దక్షిణానికి, ఇంకా దక్షిణానికి జరుపుతున్నాడు. ఇబ్న్ సౌద్ యూఫ్రటీస్ నది దాకా అడుగుతున్నాడు. ఒక రోజు గడిచింది. రెండు, మూడు, నాలుగు రోజులు గడిచాయి. ఎవరూ తగ్గలేదు.

ఆరో నాటికి కాక్స్ ఓపిక చచ్చిపోయింది. బడిపిల్లవాణ్ణి మందలించినట్టు సుల్తాన్‌ను మందలించాడని డిక్సన్ రాశాడు. ఆ తర్వాత కాక్స్ ఎర్ర పెన్సిలు తీసుకున్నాడు. పటం మీద గల్ఫ్ ఒడ్డు నుంచి పడమరగా ట్రాన్స్‌జోర్డాన్ దిశకు గీత గీశాడు.

పెన్సిలు కాగితం మీద జరిగిన చప్పుడు ఎంతసేపు ఉంటుంది? ఒంటె ఒక గుక్క నీళ్లు మింగేంతసేపు.

ఆ గీత నజ్ద్ తనదనుకున్న నేలను చాలా మేరకు ఇరాక్‌లో కలిపింది. ఇబ్న్ సౌద్‌ను సముదాయించడానికి, కువైట్ తనదనుకున్న నేలలో దాదాపు మూడింట రెండు వంతులు తెచ్చి నజ్ద్‌లో కలిపారు. అలా పోగొట్టుకున్న కువైట్ షేక్ ఆ గుడారంలో లేనే లేడు. కాక్స్ తర్వాత కువైట్ వెళ్లి ఆయనకు చెప్పాడు. గీతకు రెండు చోట్ల, తెగలు కలిసి మేపుకునే నేలను తటస్థ మండలాలని విడిచిపెట్టారు. ఒకటి కువైట్‌కూ నజ్ద్‌కూ మధ్య, ఒకటి ఇరాక్‌కూ నజ్ద్‌కూ మధ్య. పటం మీద మనుషుల అలికిడి తెలిసి పెట్టినవి ఆ రెండు ఖాళీలే. డిసెంబరు 2న సంతకాలయ్యాయి.

గుడారం బయటికి వచ్చి నిలబడండి. నిప్పుల దగ్గర కాఫీ తాగుతున్నవాళ్లకు ఇంకా ఏమీ తెలియదు. వాళ్ల దీరా ఇప్పుడు రెండు ముక్కలైంది. ఎండాకాలం బావి ఒక దేశంలో, చలికాలం మేత ఇంకో దేశంలో పడ్డాయి. వాళ్లను ఎవరూ అడగలేదు. అడగాలని కూడా ఎవరికీ తోచలేదు.

*

అయిదేళ్లు గడిచాయి. 1927 నవంబరు మొదటి వారం. దక్షిణ ఇరాక్ ఎడారిలో బుసయ్యా అనే బావుల చోటు.

రాత్రి చల్లగా ఉంది. మీ ఎదురుగా సగం లేచిన గోడలు. ఇరాక్ ప్రభుత్వం ఇక్కడ పోలీసు ఠాణా కడుతోంది. పగలంతా పనిచేసిన కూలీలు అక్కడే పడుకున్నారు, పక్కన కొద్దిమంది పోలీసులు. ఠాణా ఎందుకని అడిగితే, దోపిడీ దండు వస్తోందని ముందే తెలియడానికంటారు.

ఉకైర్ ఒప్పందంలో ఒక మాట ఉంది. హద్దుకు దగ్గరలో ఉన్న బావులను కోటలు కట్టడానికి, సైనికావసరాలకు వాడకూడదని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. మరి బుసయ్యా దగ్గరా, దూరమా? బాగ్దాద్ అధికారి స్కేలు పెట్టి కొలిచి, గీతకు బోలెడు దూరమంటాడు. నజ్ద్ వైపు ముతైర్ తెగ ఒంటెకాపరి దూరాన్ని మైళ్లలో కొలవడు. ఒంటె దాహంతో నడవగలిగిన రోజుల్లో కొలుస్తాడు. అతనికి ఈ బావి గీత పక్కనే ఉన్నట్టు. బావి మీద తుపాకీ నిలబెడితే మంద మీద నిలబెట్టినట్టే.

దూరంగా ఇసుకలో మెత్తటి అడుగుల చప్పుడు వింటున్నారా? ముతైర్ దండు వచ్చింది. తెల్లారేసరికి కట్టేవాళ్లూ కాపలావాళ్లూ చచ్చిపడి ఉన్నారు. ఇటుకలు పేర్చుకుని పొట్టపోసుకునే కూలీలు చేసిన పాపం ఏమిటి? ఆ శవాల ముందు నిలబడి దండును సమర్థించే మాట ఏదీ దొరకదు. కానీ ఆ రాత్రి ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ వెళ్తే, దారి ఉకైర్ గుడారంలోని పటం దగ్గరికే వెళ్లి ఆగుతుంది.

జవాబు ఆకాశం నుంచి వచ్చింది. బ్రిటిష్ రాయల్ ఎయిర్ ఫోర్స్ విమానాలు గీత దాటి వెళ్లి మరీ బాంబులు వేశాయి. పైనుంచి చూసేవాడికి దండుకూ మందకూ, కత్తి పట్టినవాడికీ కుండ మోసే ఆడమనిషికీ తేడా ఎలా తెలుస్తుంది? మేకవెంట్రుకలతో నేసిన నల్ల గుడారం పైనుంచి ఏదైనా నల్లటి చుక్కే.

*

1929 మార్చి చివరి రోజులు. నజ్ద్‌లో జిల్ఫీ ఊరి దగ్గర సబిలా అనే మైదానం.

ఇక్కడ ఎదురెదురుగా నిలబడ్డవాళ్లు పాత మిత్రులు. ఒక వైపు ఇబ్న్ సౌద్. ఇంకో వైపు ముతైర్ పెద్ద ఫైసల్ అల్-దవీష్, ఉతైబా పెద్ద సుల్తాన్ ఇబ్న్ బిజాద్. వీళ్లే ఇఖ్వాన్ నాయకులు. 1912 ప్రాంతంలో అర్తావియా బావుల దగ్గర మొదటి హిజ్రా ఊరు వెలిసింది. బదూలను ఒంటెలమ్మి నేల దున్నుకొమ్మని, మసీదు చుట్టూ ఇళ్లు కట్టుకొమ్మని నిలబెట్టిన ఊళ్లవి. ఆ ఊళ్ల నుంచి లేచిన దండుతోనే ఇబ్న్ సౌద్ 1924, 1925లలో హిజాజ్‌ను గెలిచాడు. మక్కా, మదీనా ఆయన చేతికొచ్చాయి. గెలిచాక, గీత అవతలికి వెళ్లొద్దని అదే మనుషులకు చెప్పాడు. దండు మీద నిలబడ్డ రాజ్యానికి ఇప్పుడు దండు అక్కర్లేదు.

వాళ్లకు ఆ మాట మింగుడుపడలేదు. వాళ్ల విశ్వాసం కఠినమైనది, కొన్నిసార్లు క్రూరమైనది. తమలా నమ్మనివాణ్ణి శత్రువుగా చూశారు. అయితే వాళ్ల కోపంలో మతంతో పాటు ఇంకొకటి కూడా ఉంది. తరతరాలుగా మంద తిరిగిన దారిలో ఉన్నట్టుండి "ఇది ఇంకో దేశం" అంటే ఆ మాటకు అర్థమేమిటో వాళ్లకు ఎవరూ చెప్పలేకపోయారు.

సబిలాలో మీరు నిలబడ్డ చోటు నుంచి దుమ్ము లేవడం కనిపిస్తుంది. ఒంటెల మీద, గుర్రాల మీద, కాలినడకన ఇఖ్వాన్ ముందుకొస్తున్నారు. అవతలి నుంచి మెషిన్‌గన్లు మొదలయ్యాయి. యుద్ధం అని చెప్పుకోవడానికి తగినంత సేపు కూడా సాగలేదు. దవీష్ కడుపులో తూటా దిగింది. అతన్ని మోసుకుని అర్తావియాకు తీసుకెళ్లారు. ఇబ్న్ బిజాద్ లొంగిపోయి జైలు పాలయ్యాడు.

దవీష్ చావలేదు. లేచి మళ్లీ తిరగబడ్డాడు. ఆ వేసవిలో కొడుకును పోగొట్టుకున్నాడు. ఆ చలికాలంలో మందలతో, ఆడవాళ్లతో, పిల్లలతో ఉత్తరానికి జరిగాడు. వెనక ఇబ్న్ సౌద్ సైన్యం ఉంది. ముందు గీత ఉంది. గీత మీద బ్రిటిష్ విమానాలు. కువైట్‌లో తలదాచుకోవడానికి వీల్లేదన్నారు. ఒకప్పుడు ఇసుకలో ఎవరికీ కనిపించని ఆ గీత ఇప్పుడు గోడయింది. 1930 జనవరిలో దవీష్ బ్రిటిష్‌వాళ్లకు లొంగిపోయాడు. తన ఇంటి ఆడవాళ్లను అప్పటికి కువైట్‌లో పొలిటికల్ ఏజెంట్‌గా ఉన్న డిక్సన్ రక్షణలో పెట్టాడు. బందీల ప్రాణాలు తీయనని మాట తీసుకుని బ్రిటిష్‌వాళ్లు అతన్ని ఇబ్న్ సౌద్‌కు అప్పజెప్పారు. మరుసటి ఏడాది రియాద్ చెరలో చనిపోయాడు. ఉకైర్‌లో గీత గీస్తున్నప్పుడు పక్కన ఉన్న మనిషే ఆ గీతకు తగిలి పడిన మనిషి సంసారాన్ని కాచాల్సి వచ్చింది.

*

ఇక్కడి నుంచి కాలం పరుగెడుతుంది. తిరుగుబాటు అణిగాక ప్రతి రాజ్యం బదూను తనకు అనువుగా మలుచుకుంది. ట్రాన్స్‌జోర్డాన్‌లో గ్లబ్ అనే బ్రిటిష్ అధికారి 1930ల తొలినాళ్లలో బదూలతోనే ఎడారి గస్తీ దళం కట్టాడు. దండు నడిపినవాళ్లకే దండును ఆపే ఉద్యోగమిచ్చాడు. ఇబ్న్ సౌద్ రాజ్యమైన సౌదీలో హిజ్రా ఊళ్ల మనుషులు మెల్లగా నేషనల్ గార్డులోకి వచ్చారు. 1938లో కువైట్‌లోని బుర్గాన్‌లోనూ సౌదీలోని దమ్మామ్‌లోనూ చమురు పడింది. 1953లో సౌదీ రాజ్యం తెగలకు మేతనేల మీద ఉన్న పాత హక్కులను రద్దు చేసి, నేలంతా రాజ్యానిదంది. ఆ ఏడాదే కువైట్, సౌదీల మధ్య తటస్థ మండలంలో వఫ్రా దగ్గర చమురు దొరికింది. ఒంటెల కోసం వదిలిపెట్టిన ఖాళీ ఇప్పుడు బంగారమైంది. 1960లలో రెండు ప్రభుత్వాలు కూర్చుని దాన్ని కూడా పంచుకున్నాయి. బావి అన్న మాటకే అర్థం మారిపోయింది.

*

1960ల మొదట్లో కువైట్ నగరం. కొత్తగా కట్టిన భవనంలో ఒక గది. పైన ఫ్యాను తిరుగుతోంది. బల్ల వెనక గుమాస్తా, ముందు వరసలో మనుషులు. 1961 జూన్ 19న కువైట్ స్వతంత్రమైంది. దేశమన్నాక పౌరులెవరో తేల్చాలి కదా. 1959లో వచ్చిన జాతీయత చట్టం మొదటి మాటగా ఒక ఏడాది చెప్పింది. 1920కి ముందు కువైట్‌లో స్థిరపడి, చట్టం వచ్చేదాకా ఇక్కడే కాపురమున్నవాళ్లు అసలు కువైటీలు.

1920 అంటే జహ్రా ఎర్రకోట ముట్టడి జరిగిన ఏడాది.

వరసలో ముందున్న ముసలాయన్ను చూడండి. ఆయనకు నేను పేరు పెట్టడం లేదు. ఇలా నిలబడ్డవాళ్లు ఎందరో, వాళ్లందరికీ ఆయనే మనిషి అనుకోండి. చేతులు ఒంటె తాడు పట్టి కాయలు కాచాయి. తలగుడ్డ సరిచేసుకుని నిలబడ్డాడు.

"1920కి ముందు ఎక్కడుండేవాడివి, హజ్జీ?"

"వాన ఎక్కడ పడితే అక్కడ."

"ఊరు చెప్పు. ఇల్లు ఎక్కడ?"

ముసలాయన తన పేరు, నాన్న పేరు, తాత పేరు, ఆయన తాత పేరు చెప్పుకుంటూ పోతున్నాడు. ఏడు తరాలు ఊపిరి తీసుకోకుండా చెప్పగలడు. అది ఆయనకు పటం కంటే, పట్టా కంటే గట్టి రుజువు. గుమాస్తా కలం కాగితం మీద ఆగి ఉంది. ఎవరి తాలూకు అన్నదానికి ఆయన దగ్గర కావలసినంత జవాబుంది. ఎక్కడివాడివి అన్న గడిలో మాత్రం రాసుకోవడానికి ఏమీ లేదు.

గుమాస్తా చెడ్డవాడు కాదు. ఫారంలో అంతకంటే గడి లేదు. ఇక ఎడారిలో ఉండిపోయి ఈ గదికి రానివాళ్లు ఎందరో. చదువు రాదు, కబురు అందలేదు. షేక్‌లతో తమ తాతలకున్న మాట చాలనుకున్నారు, ఈ కాగితం ఎందుకనుకున్నారు. ఒక తెగలోనే, ఒక గుడారంలోనే అన్నదమ్ములు విడిపోయారు. ఒకరు అప్పుడు వచ్చి నమోదయ్యారు. ఇంకొకరు మందతో దూరాన ఉండి రాలేకపోయారు. తర్వాతి ఏళ్లలో ఎన్నికల లెక్కలు చూసుకుని ప్రభుత్వం చాలామంది తెగలవాళ్లకు పౌరసత్వం ఇచ్చింది. వాళ్లు ఓటర్లయ్యారు, వాళ్ల పెద్దలు పార్లమెంటులో కూర్చున్నారు. ఆ తలుపు అందరికీ తెరుచుకోలేదు. బయట మిగిలినవాళ్లకు అరబ్బీలో ఒక పేరు వచ్చింది. బిదూన్. అంటే "లేకుండా". బిదూన్ జిన్సియ్యా, జాతీయత లేకుండా.

*

మళ్లీ జహ్రా. ఈసారి ఇవాళ్టి జహ్రా. ఎర్రకోట ఇప్పుడు జనం చూడటానికి వచ్చే చోటు. మట్టిగోడల మధ్య నడిచి, 1920లో షేక్ నిలబడ్డ చోటు చూసి బయటికి రావచ్చు. అదే జహ్రా ప్రాంతంలో తైమా ఉంది. 1970లలో బదూల కోసం ప్రభుత్వం కట్టిన ఇళ్లు. వాటిని ప్రజాగృహాలన్నారు. ఇరుకు గదులు, పైన రేకులు, గోడల మీద పెచ్చులు. ఎయిర్ కూలర్ల నుంచి నీళ్లు కారి వీధిలో మడుగు కడుతున్నాయి.

ఇందులో ఉన్నది ఎవరని అడగండి. మొదట్లో వాళ్లను కువైట్ బాదియా మనుషులుగానే చూశారు. పిల్లలు సర్కారు బడికి వెళ్లారు, ఆసుపత్రిలో వైద్యం దొరికింది. మగవాళ్లు సైన్యంలో, పోలీసుల్లో చేరారు. దిగువ హోదాల్లో పెద్ద భాగం వాళ్లే. 1980ల మధ్యలో గాలి తిరిగింది. ఇరాన్, ఇరాక్ యుద్ధం నడుస్తోంది, బాంబుదాడులతో కువైట్ భయపడి ఉంది. 1986 నుంచి బిదూన్లను పరాయివాళ్ల చట్టం కిందికి తెచ్చారు. సర్కారు బడి పోయింది. ఉద్యోగాలు పోయాయి. తర్వాత 1990లో ఇరాక్ దురాక్రమణ. అప్పుడు కువైట్ కోసం ప్రాణాలిచ్చినవాళ్లలో, బందీలైనవాళ్లలో బిదూన్లూ ఉన్నారు. 1991లో దేశం విముక్తమయ్యాక, చాలామంది బిదూన్ సైనికులను తిరిగి పనిలోకి తీసుకోలేదు. యుద్ధానికి దేశం విడిచి వెళ్లినవాళ్లను తిరిగి రానివ్వలేదు. మిగిలినవాళ్లు ఇవాళ లక్షకు అటూ ఇటూగా ఉన్నారు.

2010లో వాళ్ల సంగతి చూడటానికి ఒక కేంద్ర సంస్థ పెట్టారు. దాని పేరులోనే వాళ్లను "అక్రమ నివాసులు" అన్నారు. 2011 ఫిబ్రవరిలో తైమా వీధుల్లోకి మనుషులు వచ్చారు. కువైట్ జెండాలు పట్టుకుని వచ్చారు. ఏ దేశం తమది కాదంటోందో ఆ దేశం జెండానే. బాష్పవాయువు, నీటి ఫిరంగులు, అరెస్టులు జవాబుగా వచ్చాయి. 2014లో ఒక అధికారి, వీళ్లకు హిందూ మహాసముద్రంలోని కొమొరోస్ దీవుల పౌరసత్వం ఇప్పించవచ్చన్నాడు. ఎన్నడూ చూడని దీవి పౌరులుగా, పుట్టిన ఊళ్లో విదేశీయులుగా బతకమని.

ఒక గుమ్మం ముందు ఆగండి. లోపల ఆ ముసలాయన మునిమనవడు చదువుకుంటున్నాడనుకోండి. వాళ్ల అమ్మ కువైటీ పౌరురాలే కావచ్చు. అయినా కువైట్‌లో జాతీయత తండ్రి నుంచే వస్తుంది. తండ్రి బిదూన్ అయితే బిడ్డ కూడా బిదూనే. ఎడారిలో పుట్టిన ప్రతి ఒంటెకూ ఒంటి మీద గుర్తు ఉంటుంది, అది ఎవరిదో ఎవరైనా చెబుతారు. ఈ పిల్లవాడు ఈ గోడల మధ్య, ఈ దేశపు ఎండలో పుట్టి పెరిగాడు. తనదని చెప్పే గుర్తు ఒక్కటీ రాజ్యం అతనికి ఇవ్వలేదు.

*

తైమా దాటి పడమరగా సాల్మీ రోడ్డు పట్టుకోండి. చలికాలం. కిందటి వారం వాన పడింది కాబట్టి ఇసుక మీద పలచటి పచ్చ కనిపిస్తోంది. అర్ఫజ్ పొదలు చిగురుపట్టాయి. రోడ్డుకు దూరంగా ఒంటెల మంద. పక్కన నీళ్ల ట్యాంకరు, రేకుల గది. ఒంటెల యజమాని నగరంలో ఉంటాడు, సెలవు రోజున కారులో వచ్చి చూసుకుని వెళ్తాడు. మందను కాసేది వలసకూలీ. కువైట్ ఎడారిలో ఇప్పుడు చాలా చోట్ల కథ ఇదే.

ఆ కాపరి సెల్‌ఫోన్ చెవికి పెట్టుకుని మాట్లాడుతున్నాడు. మాట మీకు తెలుస్తోంది. తెలుగు. రాయలసీమ యాస. కడప, అన్నమయ్య జిల్లాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు వచ్చినవాళ్లు లెక్కలేనంతమంది. ఇళ్లలో, హోటళ్లలో, డ్రైవర్లుగా పనిచేసేవాళ్లు ఎక్కువ. కొందరు ఇలా ఒంటెల వెనక, గొర్రెల వెనక ఎడారిలో పడ్డారు. బోరులో నీళ్లు ఎండిపోయి నేల విడిచి వచ్చిన రైతు, వానను వెతుక్కుంటూ తిరిగిన మనుషుల మందను కాస్తున్నాడు.

మీరు తెలుగులో పలకరించారు. అతని మొహం వెలిగింది.

"యా ఊరున్నా మీది? ఎవురి పిల్లోళ్లు?"

రెండు ప్రశ్నలూ ఒక్క ఊపిరిలో వచ్చేశాయి. ఏ ఊరు, ఎవరి పిల్లలు. ఇసుక మీద కూర్చుని అతను టీ పోశాడు. చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరులో దాచుకున్న బతాకా తీసి చూపించాడు. కువైట్ ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు కార్డు. అది పోతే పని పోతుంది, పట్టుకుంటే జైలు, అందుకే ప్రాణంలా చూసుకుంటాడు. ఇతని కష్టం చిన్నది కాదు. అయినా కష్టం ముదిరిన రోజున ఇతన్ని వెనక్కి పంపడానికి ఒక దేశం ఉంది, తీసుకోవడానికి ఒక ఊరుంది. తైమాలో పిల్లవాణ్ణి ఎక్కడికి పంపుతారు?

గీత గీయడం తప్పని నేను అనను. రాజ్యానికి హద్దు కావాలి, దాడి చేసేవాణ్ణి ఆపాలి, బుసయ్యా కూలీల్లాంటివాళ్ల ప్రాణాలు కాపాడాలి. కానీ గీత గీసినవాడికి ఒక బాధ్యత ఉంటుంది. గీతకు ఈ పక్కన మిగిలినవాణ్ణి ఈ పక్కవాడేనని ఒప్పుకోవాలి. వాన వెంట నడవడం నేరం కాదు. తాత ఫారంలో ఊరి పేరు రాయించలేకపోయాడని మునిమనవడి బడి, మందు, పెళ్లి, ఉద్యోగం ఆగిపోవడం న్యాయం కాదు. ఆ పిల్లల పేర్లు కువైట్ తన పుస్తకంలో రాసుకోవాలి. వాళ్లు ఎక్కడివాళ్లో కువైట్‌కు తెలుసు. తన బడిలో చదివించిన పిల్లలు, తన సైన్యంలో నిలబెట్టిన మనుషుల మనవలు.

పొద్దు వాలుతోంది. కాపరి లేచి మందను తోలుతున్నాడు. దక్షిణాన, ఈ ఇసుక చివర, 1922లో కాగితం మీద పడిన ఆ గీత ఇవాళ సౌదీ సరిహద్దు. ఒక ఒంటె అటు తల తిప్పి ఆగింది. అవతల కూడా వాన పడింది కాబోలు, దానికి వాసన తెలిసింది. కాపరి నోటితో ఒక చప్పుడు చేశాడు. ఒంటె కాసేపు అలాగే నిలబడి వాసన చూసి, వెనక్కి తిరిగింది.